30 శాతం అంటే ఎంత?

సంభావ్యత అంటే ఒక సంగతి జరగడానికి ఎంత అవకాశం ఉందో అంకెతో చెప్పడం. ఎన్నటికీ జరగనిదానికి సున్నా. జరిగి తీరేదానికి నూటికి నూరు. మనిషికి ఎదురయ్యే సంగతుల్లో చాలా భాగం ఈ రెండింటి మధ్యే ఉంటుంది. రేపు వాన పడుతుందా? ఈ మందు పనిచేస్తుందా? ఈ ఏడు మిర్చికి ధర నిలుస్తుందా? వీటికి అవుననో కాదనో గట్టిగా చెప్పగలిగినవారు ఎవరూ లేరు. చెబుతామని ముందుకొచ్చేవారిని కాస్త అనుమానించడమే మంచిది. కానీ, తెలియదని చేతులెత్తేయడం వేరు. ఎంతమేరకు తెలుసో కొలిచి చెప్పడం వేరు. ఆ కొలిచి చెప్పే గణితమే సంభావ్యత.

ఈ లెక్కకు మూలం పాచికల దగ్గర ఉంది. మహాభారతం అరణ్యపర్వంలో, నలోపాఖ్యానంలో ఒక ఘట్టం వస్తుంది. జూదంలో రాజ్యం పోగొట్టుకున్న నలుడు, బాహుకుడనే పేరుతో ఋతుపర్ణ మహారాజు దగ్గర సారథిగా చేరతాడు. ఇద్దరూ విదర్భకు వెళుతుంటే దారిలో ఒక తాండ్ర చెట్టు కనిపిస్తుంది. ఋతుపర్ణుడు దాన్ని ఒక్క చూపు చూసి, ఆకులెన్నో కాయలెన్నో చెప్పేస్తాడు. నలుడు నమ్మడు. రథం ఆపుతాడు. చెట్టు పడగొట్టి మరీ లెక్కపెడతాడు. లెక్క సరిపోతుంది. ఇదెలా తెలిసిందని అడిగితే, పాచికల మర్మం ఎరిగినవాణ్ణి, అందుకే లెక్కలోనూ నేర్పరిని అంటాడు రాజు. ఆ చెట్టు కాయలే, అంటే త్రిఫల చూర్ణంలో కలిపే తానికాయలే, ఆ కాలంలో పాచికలు. కథలోని అంకెలు కథకే పరిమితం. కానీ జూదం ఆడటానికీ, ఒక్క చూపుతో మొత్తం అంచనా కట్టడానికీ చుట్టరికం ఉందని ఆ కథ చెప్పినవారికి తెలుసు. అంత పాతకాలంలో అది తెలియడం చిన్న విషయం కాదు.

కొంత చూసి మొత్తం చెప్పే ఆ విద్య 20వ శతాబ్దంలో మన దేశంలో శాస్త్రంగా స్థిరపడింది. ప్రశాంతచంద్ర మహలనోబిస్ 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించారు. బెంగాల్ మొత్తం మీద జనపనార పంట ఎంతో తెలుసుకోవడానికి ఆయన ప్రతి పొలమూ కొలిపించలేదు. కొన్ని పొలాలను మాత్రమే, అదీ ఎవరి ఇష్టాయిష్టాలకూ తావు లేకుండా, చీటీలు తీసినంత యాదృచ్ఛికంగా ఎంపిక చేయించారు. ఆ సంస్థకే విశాఖపట్నం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్న ఒక తెలుగు యువకుడు వెళ్లి చేరాడు. ఆయనే సి.ఆర్. రావు. పాతికేళ్ల వయసులో, 1945లో, ఆయన ప్రచురించిన పత్రం ఒక హద్దు చూపించింది. చేతిలో ఉన్న సమాచారం ఇంత అయితే, దానితో కట్టే అంచనా ఎంత నిక్కచ్చిగా ఉండగలదు అన్నదానికి హద్దు. ఎంత తెలివైన పద్ధతి వాడినా ఇంత తేడా మాత్రం తప్పదని చెప్పే హద్దు. మనకు తెలియనిది ఎంత అన్నది కూడా లెక్కకు అందుతుందన్నమాట. క్రామర్-రావు హద్దు అనే పేరుతో అది ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాల్లో ఉంది.

మళ్లీ జూదం దగ్గరికే రావాలి. సంభావ్యత గణితంగా రూపు కట్టింది ఫ్రాన్సులో, 1654లో. ఇద్దరు ఆటగాళ్లు. చెరొక 32 బంగారు నాణేలు పందెం కాశారు. మొత్తం 64. ముందుగా మూడు ఆటలు గెలిచినవాడికి మొత్తం దక్కుతుంది. మొదటివాడు రెండు గెలిచాడు. రెండోవాడు ఒకటి గెలిచాడు. అంతలో ఆట ఆపేయాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ 64 నాణేలు ఎలా పంచుకోవాలి?

అంతకు ముందు, 1494లో, లూకా పాచోలీ అనే ఇటలీ గణితవేత్త దీనికి ఒక జవాబు రాశాడు. గెలిచిన ఆటల ప్రకారం పంచుకోమన్నాడు. అంటే మొదటివాడికి రెండు వంతులు, రెండోవాడికి ఒక వంతు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ అది తప్పు.

పారిస్‌లో ఉన్న బ్లెయిజ్ పాస్కల్, తులూజ్‌లో ఉన్న పియెర్ ద ఫెర్మా ఉత్తరాలు రాసుకుంటూ దీన్ని తేల్చారు. పాస్కల్ ఇలా ఆలోచించాడు. ఇంకొక్క ఆట ఆడారనుకుందాం. మొదటివాడు గెలిస్తే మొత్తం 64 నాణేలూ అతనివే. ఓడిపోతే ఇద్దరూ రెండు రెండు ఆటల మీద సమానం అవుతారు, అప్పుడు చెరొక 32. అంటే ఓడినా గెలిచినా మొదటివాడికి 32 ఖాయం. అవి ముందే తీసి అతని చేతిలో పెట్టేయవచ్చు. మిగిలిన 32 సంగతే తేలాలి. అవి ఎవరికి పోతాయన్నది సగం సగం. కాబట్టి అందులో సగం, అంటే 16, మొదటివాడికి. మిగతా 16 రెండోవాడికి. మొత్తం మీద మొదటివాడికి 48, రెండోవాడికి 16. రెండుకు ఒకటి కాదు, మూడుకు ఒకటి.

ఈ జవాబులో అంకెల కన్నా చూపు ముఖ్యం. పాచోలీ జరిగిపోయిన ఆటలను చూశాడు. పాస్కల్, ఫెర్మా జరగబోయే ఆటలను చూశారు. పంచుకోవాల్సింది గతాన్ని కాదు, ఇక మీదట గెలిచే అవకాశాన్ని. వ్యాపారంలో అప్పటికే పోసిన డబ్బు చూసుకుని మరింత డబ్బు పోసేవారు నేటికీ చేస్తున్నది పాచోలీ లెక్కే.

గతాన్ని పట్టుకు వేలాడే పొరపాటు మరో రూపంలో కూడా వస్తుంది. నాణెం ఎగరేస్తే బొమ్మ పడింది. మళ్లీ బొమ్మ. మళ్లీ బొమ్మ. ఇప్పుడు నాలుగోసారి ఏమిటి? ఈసారి బొరుసు పడి తీరాలని చాలామంది మనసు చెబుతుంది. కానీ నాణేనికి జ్ఞాపకం లేదు. ముందు ఏం పడిందో దానికి తెలియదు. నాలుగోసారి కూడా సగం సగమే.

1913 ఆగస్టు 18న మాంటీ కార్లో జూదశాలలో ఇదే జరిగింది. తిరిగే చక్రం మీద బంతి ఎరుపు గడిలోనో నలుపు గడిలోనో ఆగుతుంది. ఆ రాత్రి నలుపు మీదే ఆగడం మొదలైంది. పదిసార్లు. పదిహేనుసార్లు. జనం చుట్టూ మూగారు. ఇక ఎరుపు రాక తప్పదని అందరూ ఎరుపు మీద కాయడం మొదలుపెట్టారు. పందేలు పెరిగాయి. నలుపు వరుసగా 26 సార్లు వచ్చింది. ఎరుపును నమ్ముకున్నవారు మునిగారు. జూదశాల లాభపడింది.

జూదశాలలదాకా వెళ్లనక్కర్లేదు. ముగ్గురు ఆడపిల్లల తర్వాత నాలుగో కాన్పు మగపిల్లవాడే అని ధీమాగా చెప్పే పెద్దవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. నాలుగో కాన్పుకు ముందు ముగ్గురి సంగతి తెలియదు. ఇక్కడా ఇంచుమించు సగం సగమే. ఈ ధీమా వల్ల ఎన్ని ఇళ్లలో ఎందరు తల్లులు ఎంత నలిగారో తలచుకుంటే, సంభావ్యత బడిపిల్లల పరీక్షకు మాత్రమే పనికొచ్చే పాఠం కాదని తెలుస్తుంది.

మరి దీర్ఘకాలంలో బొమ్మా బొరుసూ శాతాల్లో సమానం అవుతాయంటారు కదా? అవుతాయి. 1713లో అచ్చయిన యాకోబ్ బెర్నూలీ గ్రంథం దాన్ని నిరూపించింది. కానీ ఎలా అవుతాయన్నది గమనించాలి. వరుసగా పదిసార్లు బొమ్మ పడితే నాణెం ఆ బాకీ తీర్చదు. దాని కోసం అదనంగా బొరుసులు వేయదు. ఇంకో పదివేలసార్లు ఎగరేస్తే ఆ పది లెక్కలోకి రానంత చిన్నవైపోతాయి. అంతే. మరోసారి చెప్పుకుంటే, నాణెం బాకీ తీర్చదు. బాకీయే చిన్నదైపోతుంది.

ఇప్పటిదాకా చెప్పుకున్నది కొత్త సమాచారం ఏమీ లేనప్పటి మాట. కొత్త సమాచారం వచ్చినప్పుడు అంచనా మార్చుకోవాలి. ఎంత మార్చుకోవాలి? ఇంగ్లండులోని టన్‌బ్రిడ్జ్ వెల్స్ పట్టణంలో మతబోధకుడిగా పనిచేసిన థామస్ బేయస్ దీని మీద ఒక వ్యాసం రాసిపెట్టి 1761లో కన్నుమూశాడు. రెండేళ్ల తర్వాత ఆయన స్నేహితుడు రిచర్డ్ ప్రైస్ దాన్ని అచ్చులోకి తెచ్చాడు. ఆ సూత్రం కాగితం మీద చూస్తే భయపెడుతుంది. మనుషులను లెక్కపెడితే మాత్రం తేలిగ్గా అర్థమవుతుంది. వింటున్నవారు కలం, కాగితం వెతుక్కోనక్కర్లేదు. వేయిమంది ఉన్న ఒక ఊరిని ఊహించుకుంటే చాలు.

ఆ ఊళ్లో ఒక జబ్బు ఉంది. వేయిమందిలో పదిమందికే ఉంది. దాన్ని పట్టుకోవడానికి ఒక రక్తపరీక్ష ఉంది. ఆ పరీక్ష పదింట తొమ్మిదిసార్లు సరిగ్గా చెబుతుంది. జబ్బు ఉన్నవారి విషయంలోనూ అంతే, లేనివారి విషయంలోనూ అంతే. ఊరంతటికీ పరీక్ష చేశారు. ఒకామెకు జబ్బు ఉన్నట్టు ఫలితం వచ్చింది. ఆమెకు నిజంగా జబ్బు ఉండే అవకాశం ఎంత?

తొంభై శాతం అనేస్తారు చాలామంది. ఇప్పుడు మనుషులను లెక్కపెట్టి చూద్దాం. జబ్బు ఉన్నవారు పదిమంది. వారిలో తొమ్మిదిమందిని పరీక్ష పట్టుకుంటుంది. జబ్బు లేనివారు 990 మంది. వారిలో పదోవంతు మందికి, అంటే 99 మందికి, పరీక్ష పొరపాటున జబ్బు ఉందని చెబుతుంది. మొత్తం జబ్బు ఉందని తేలినవారు తొమ్మిదీ తొంభై తొమ్మిదీ కలిపి 108 మంది. వారిలో నిజంగా జబ్బు ఉన్నవారు తొమ్మిదిమందే. పన్నెండు మందిలో ఒక్కరు. మళ్లీ చెప్పుకుంటే, ఆ 108 మందీ ఒకచోట కూర్చుంటే, వారిలో 99 మంది ఆరోగ్యవంతులే.

పరీక్ష చెడ్డది కాదు. జబ్బు అరుదైనది. ఆరోగ్యవంతులు అంతమంది ఉన్నప్పుడు చిన్న పొరపాటు కూడా పెద్ద సంఖ్య అవుతుంది. అందుకే వైద్యులు ఒక్క ఫలితం చూసి తీర్పు చెప్పరు, వేరే పరీక్ష రాస్తారు. ఆ 108 మందికే అంతే నాణ్యమైన మరో పరీక్ష, మొదటిదాని పొరపాటు దీనికి అంటనిది, చేస్తే, మళ్లీ జబ్బు ఉందని వచ్చినవారిలో దాదాపు సగం మందికి నిజంగానే ఉంటుంది. పన్నెండులో ఒకటి సగం దగ్గరికి వచ్చింది. అయితే ఆ జబ్బు లక్షణాలతో, దగ్గూ జ్వరంతో నీరసించి వచ్చిన రోగి విషయం వేరు. అతని అవకాశం వేయిలో పది దగ్గర మొదలవదు, చాలా పైన మొదలవుతుంది. అదే పరీక్ష, అదే ఫలితం, అర్థం మాత్రం వేరు. శాతాల్లో చెబితే వైద్యులు కూడా తికమకపడతారనీ, ఇంతమందిలో ఇందరు అని చెబితే తేలిగ్గా పట్టుకుంటారనీ జర్మనీ మనస్తత్వశాస్త్రవేత్త గెర్డ్ గిగరెంజర్ చాలాకాలంగా చెబుతున్నారు. ఇందులో సామాన్యుడు నేర్చుకోదగ్గ ఒడుపు కూడా ఉంది. శాతం వినిపిస్తే వెంటనే మనుషులుగా మార్చుకోవాలి.

ఈ లెక్క తప్పితే ఎంత అనర్థం జరుగుతుందో ఇంగ్లండు కోర్టు ఒకటి చూపించింది. శాలీ క్లార్క్ అనే ఆమెకు ఇద్దరు పసిబిడ్డలు ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. తల్లే చంపిందని కేసు పెట్టారు. అలాంటి కుటుంబంలో కారణం తెలియని శిశుమరణం 8,543లో ఒకటి జరుగుతుందనీ, రెండు జరగాలంటే ఆ సంఖ్యను ఆ సంఖ్యతోనే హెచ్చవేయాలనీ, అంటే 7 కోట్ల 30 లక్షల్లో ఒక్క వంతు అవకాశమనీ ఒక వైద్య నిపుణుడు సాక్ష్యం చెప్పాడు. 1999లో ఆమెకు యావజ్జీవ శిక్ష పడింది.

ఆ సాక్ష్యంలో రెండు తప్పులున్నాయి. మొదటిది, రెండు మరణాలకూ సంబంధం లేదనుకుని హెచ్చవేయడం. ఒకే తల్లి బిడ్డలు, ఒకే ఇల్లు, ఒకే రక్తం. ఒక బిడ్డ అలా పోతే రెండో బిడ్డకూ ఆ ముప్పు ఎక్కువగా ఉండవచ్చు. నాణేల లెక్క బిడ్డలకు పనికిరాదు. రెండోది మరీ సూక్ష్మమైన తప్పు. కారణం తెలియకుండా ఇద్దరు బిడ్డలు పోవడం చాలా అరుదు, నిజమే. కానీ కన్నతల్లి ఇద్దరు బిడ్డలను చంపడం కూడా చాలా అరుదు. ఈ రెండు అరుదైన సంగతుల్లో ఏది ఎక్కువ అరుదు అని అడగాలి. ఒకదాని అరుదుదనమే చూసి రెండోదాన్ని నమ్మేయకూడదు. 2001లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ఆ అంకెను తప్పుపడుతూ బహిరంగ ప్రకటన చేసింది. 2003లో శిక్ష రద్దయింది. అప్పటికి ఆమె మూడేళ్లకు పైగా జైల్లో గడిపింది.

అవకాశం ఎంతో తెలిశాక నిర్ణయం తీసుకోవాలి. ఇక్కడే చాలామంది మెట్టు తప్పుతారు. వాన పడే అవకాశం 30 శాతం అని వాతావరణ సమాచారం చెప్పిందనుకుందాం. ఆ మాటకు అర్థం ఊళ్లో మూడోవంతు తడుస్తుందని కాదు. రోజులో మూడోవంతు సేపు పడుతుందనీ కాదు. ఇలా 30 శాతం అని చెప్పిన రోజులు పది తీసుకుంటే, వాటిలో మూడు రోజులు వాన పడుతుందని. మూడు రోజులు పడుతుంది, ఏడు రోజులు పడదు. చాలామంది దీన్ని వాన పడదు అనే వింటారు. పడితే, వాతావరణశాఖ తప్పు చెప్పిందంటారు. అది తప్పు చెప్పలేదు. పదిలో మూడు అంటే చాలా ఎక్కువ.

గుంటూరు ప్రాంతంలో కల్లంలో మిర్చి ఆరబోసిన రైతును తీసుకుందాం. రాత్రికి పట్టాలు కప్పించాలంటే కూలీలకూ అద్దె పట్టాలకూ 2 వేల రూపాయలు అవుతుందనుకుందాం. కప్పకుండా వాన పడితే కాయ తడిసి రంగు పోయి, 50 వేలు నష్టం అనుకుందాం. వాన అవకాశం 30 శాతం. కప్పాలా వద్దా?

ఇలాంటి రాత్రులు పది వచ్చాయనుకుంటే లెక్క తేలుతుంది. పది రాత్రులూ కప్పితే మొత్తం ఖర్చు 20 వేలు. ఏ రాత్రీ కప్పకపోతే మూడు రాత్రులు వాన, నష్టం లక్షా 50 వేలు. 20 వేలు ఎక్కడ, లక్షన్నర ఎక్కడ! అసలు వాన అవకాశం 30 శాతం కాదు, 5 శాతమే ఉన్నా ఆ రైతు కప్పడమే మంచిది. ఎందుకంటే 50 వేలలో 2 వేలు అంటే 4 శాతం. అవకాశం ఆ 4 శాతం దాటితే చాలు, పట్టాలు తీయాల్సిందే. అదే 30 శాతం వానకు, పక్కింట్లో దండెం మీద బట్టలు ఆరేసిన ఇల్లాలు ఏమీ చేయనక్కర్లేదు. తడిస్తే మళ్లీ ఆరతాయి. అవకాశం ఇద్దరికీ ఒకటే. నిర్ణయం వేరు. ఎందుకంటే పోయేది వేరు. ఎంత అవకాశం అన్నది సగం ప్రశ్న. జరిగితే ఎంత పోతుంది అన్నది మిగతా సగం.

ఆ రైతు పట్టాలు కప్పించాడు, వాన పడలేదు. కూలి దండగ అని ఇంట్లోవాళ్లు సణుగుతారు. దండగ కాదు. ఆ సాయంత్రం తెలిసిన సమాచారంతో అది సరైన నిర్ణయం, తెల్లవారాక ఆకాశం ఎలా ఉన్నా సరే. అలాగే తాగి బండి నడిపి క్షేమంగా ఇల్లు చేరినవాడి నిర్ణయం మంచిదైపోదు. అతనికి అదృష్టం కలిసొచ్చింది, అంతే. ఫలితం చూసి నిర్ణయానికి మార్కులు వేయడం మనుషులందరికీ ఉన్న అలవాటు. సంభావ్యత నేర్పే పాఠాల్లో కష్టమైనది ఆ అలవాటు మానుకోవడమే.

కోస్తా తీరంలో ఈ పాఠం ప్రాణాలతో ముడిపడింది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసింది. ప్రభుత్వ లెక్కల్లోనే మృతులు సుమారు పదివేలు. తుఫాను ఎక్కడ తీరం దాటుతుందో ముందే ఒక్క ఊరి పేరుతో చెప్పడం నేటికీ సాధ్యం కాదు. అందుకే వాతావరణశాఖ తుఫాను దారిని ఒక గీతగా కాక, ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే పట్టీగా చూపుతుంది. ఆ పట్టీలో చాలా ఊళ్లు ఉంటాయి. అన్నింటినీ ఖాళీ చేయిస్తారు. తుఫాను కన్ను కొన్నింటి మీదుగానే పోతుంది. మిగిలిన ఊళ్లవారు, పోయినసారి చెప్పారు, వెళ్లాం, ఏమీ కాలేదు, ఈసారి కదలం అంటారు. ఇది నాణెం ముందు ఏం పడిందో చూసి పందెం కాయడం లాంటిదే. పోయినసారి రాకపోవడం వల్ల ఈసారి అవకాశం తగ్గదు. పునరావాస కేంద్రంలో రెండు రాత్రులు ఇబ్బందిపడటం ఒక పక్క, ఇంటిల్లిపాదీ నీళ్లలో పోవడం ఇంకో పక్క. అవకాశం పదిలో ఒకటే అయినా కదలాల్సిందే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. హెచ్చరికలు ముందే వచ్చాయి. లక్షలాది మందిని తరలించారు. నగరం చెట్లన్నీ నేలకూలాయన్నంత పని అయింది. కానీ రాష్ట్రంలో మరణాలు వందలోపే.

సగటు లెక్కకు కూడా ఒక హద్దు ఉంది. బీమా తీసుకునేవారంతా కలిసి కట్టేది, వారికి తిరిగి వచ్చేదానికన్నా ఎక్కువే ఉంటుంది. లేకపోతే కంపెనీ నడవదు. అయినా ఇంటి పెద్ద బీమా తీసుకోవడం తెలివైన పనే. ఎందుకంటే ఒక్క దెబ్బకు కుటుంబం కూలిపోతే, తర్వాత సగటు చూసుకోవడానికి ఎవరూ మిగలరు. లాటరీ టికెట్ దీనికి తిరగబడ్డ లెక్క. అక్కడ కూడా సగటున నష్టమే, కాపాడేది మాత్రం ఏమీ లేదు. మనిషి మనసు చాలా చిన్న అవకాశాన్ని ఉన్నదానికన్నా పెద్దదిగా చూస్తుందని డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వర్‌స్కీ 1979లో రాశారు. లాటరీలు అమ్ముడుపోవడానికి అది చాలు.

ఇక మిగిలింది, సొంత అంచనాలు ఎంత సరైనవో తెలుసుకోవడం. అమెరికా వాతావరణశాఖలో పనిచేసిన గ్లెన్ బ్రయర్ 1950లో వాన అంచనాలకు మార్కులు వేసే పద్ధతి ఒకటి ఇచ్చాడు. దాని వెనుక ఉన్న ఆలోచనను ఎవరైనా వాడుకోవచ్చు. ఒక చిన్న పుస్తకం చాలు. ఏదైనా జరుగుతుందని అనిపించినప్పుడల్లా, తేదీ వేసి, ఎంత శాతం నమ్మకమో రాసిపెట్టండి. ఈ సరుకు దీపావళిలోగా అమ్ముడవుతుంది, 70 శాతం. ఈ బాకీ నెలలో వసూలవుతుంది, 70 శాతం. ఫలితం తెలిశాక పక్కనే అవుననో కాదనో రాయండి. రాసినది తర్వాత దిద్దకండి. ఏడాది తిరిగాక, 70 శాతం అని రాసినవాటిలో ఎన్ని జరిగాయో లెక్కపెట్టండి. పదిలో ఏడుకు దగ్గరగా ఉంటే ఆ అంచనాలు నమ్మదగ్గవి. పదిలో నాలుగే జరిగితే, ఇకమీదట 70 అనాలనిపించిన చోట 40 అని రాసుకుని, ఆ అంకెతోనే నిర్ణయం తీసుకోండి.